కొండ మెట్ల ప్రాజెక్టు డైరీ: మూడు లిస్టులు, ఒక మేకు

మొదటి వారం

ముందు మేమెవరమో చెప్పేస్తే ఓ పనైపోతుంది. నేను ఫిజియోథెరపిస్టుని, బెజవాడ వన్‌టౌన్‌లో చిన్న క్లినిక్కు నాది. నాతో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు ఉన్నారు, ఆవిడని అందరం సిస్టరమ్మ అంటాం. ఇంకొకడు సోషల్ వర్కులో పీజీ చేస్తున్న కుర్రాడు, నాకు తమ్ముడి వరస, ఆవిడకి మనవడి వరస. ఆఫీసు లేదు. ఒక చిన్న ట్రస్టు నెలనెలా ఇచ్చేది ఆటోలకీ జిరాక్సులకీ టీలకీ సరిపోతుంది. పని ఏంటంటే, చిట్టినగర్ సొరంగం దగ్గర కొండ మీద ఉన్న ఒక కాలనీలో మంచాన పడ్డవాళ్లకీ ఒంటరి ముసలివాళ్లకీ వైద్యం ఒక దారిలో, పింఛను, తిండి, తోడు ఇంకో దారిలో పోకుండా రెండూ కలిపి అందేలా ఒక ప్లాన్ వెయ్యడం, వేసి ఆరు నెలలు నడిపి చూడటం.

బెజవాడలో కొండ కాలనీ అంటే తెలియనివాళ్ల కోసం: ఆటో ఒక కిరాణా కొట్టు దగ్గర ఆగిపోతుంది, అక్కణ్ణుంచి మెట్లే. తమ్ముడు లెక్కపెట్టాడు, పై వరస ఇళ్లకి 187. ఒక మెట్టు జానెడు, పక్క మెట్టు మోకాలెత్తు, మధ్యలో నీళ్ల పైపులు అడ్డం. పొద్దున్నే నీళ్లొచ్చే టైములో ఎవరి తలుపు కొట్టినా తిట్లే, ఆ పాఠం మొదటిరోజే నేర్చుకున్నాం.

డాక్టరు, ఉచిత మందులు, రక్తపరీక్షలు అన్నీ కింద అర్బన్ హెల్త్ సెంటర్లో ఉన్నాయి. రూలు ప్రకారం సుమారు 50,000 మంది జనాభాకి అలాంటి సెంటరు ఒకటి, ఆ లెక్కన చూస్తే ఇక్కడ దూరం కూడా ఎక్కువేం కాదు, మ్యాపులో అయితే కూతవేటు. మ్యాపుకి మోకాళ్లు ఉండవు కదా.

పై వరసలో ఒక మామ్మగారు. చిన్న స్టీలు డబ్బాలో బీపీ మాత్రలు, ప్రతిదీ సరిగ్గా సగానికి విరిచి ఉంది. చాకుతో కోస్తే పొడైపోతుందని అరటికాయలు తరిగే కత్తిపీట మీద పెట్టి నొక్కుతుందట. ఎందుకమ్మా సగం అంటే, "కిందకి దిగితే ఎక్కడానికి పూట పడుతుందమ్మాయ్, ఇట్టా అయితే నెల మాత్రలు రెండు నెలలొస్తాయి" అంది, మనం మెచ్చుకుంటామేమోనన్న మొహంతో. సిస్టరమ్మ బీపీ చూశారు, పైది 180 దాటింది. ఆవిణ్ణి ఏమీ అనలేదు, మిషను మడిచి సంచిలో పెట్టుకుని, మెట్లు దిగుతున్నంతసేపూ మాట్లాడలేదు. ఆ మామ్మగారి పింఛను మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంటి గుమ్మంలోకే వస్తుంది. డబ్బు మెట్లెక్కుతోంది, మాత్ర ఎక్కట్లేదు. మా ప్రాజెక్టు మొత్తం ఆ డబ్బా దగ్గరే మొదలైందనుకోండి.

రెండో వారం

లిస్టుల వారం. ఇది నా ఐడియానే, కాబట్టి తిట్లన్నీ నాకే చెందుతాయి.

నా బుర్రలో ఏముందంటే, వార్డు సచివాలయం దగ్గర పింఛన్ల లిస్టు ఉంటుంది, ఆశా అక్క దగ్గర బీపీ షుగరు లిస్టు ఉంటుంది, అంగన్‌వాడీ టీచర్ దగ్గర పిల్లలున్న ఇళ్ల లిస్టు ఉంటుంది, మూడూ ఎక్సెల్‌లో కలిపేస్తే ఏ ఇంట్లో ఎవరికి ఏం కావాలో తేలిపోతుందని. తమ్ముడు రాత్రంతా కూర్చుని కాలమ్స్ గీశాడు, రంగులు కూడా వేశాడు.

పొద్దున చూస్తే మూడు లిస్టులూ మూడు ఊళ్లవిలా ఉన్నాయి. ఒకదాంట్లో పాత డోరు నంబర్లు, ఒకదాంట్లో కొత్తవి. పింఛను లిస్టులో ఆధార్‌లో ఉన్న పూర్తి పేరు. ఆశా అక్క పుస్తకంలో "పూల మామ్మ", "రిక్షా తాత ఇల్లు", "నీలం తలుపు పక్కన". నిజం చెప్పాలంటే నాకు దారి దొరికేది ఆశా అక్క లిస్టుతోనే. డోరు నంబరు పట్టుకుని ఆ మెట్ల మీద తిరిగితే మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి.

రెండో చిక్కు, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలనేది. హెల్త్ సెంటరు వైద్యశాఖది. వార్డు సచివాలయం నగరపాలక సంస్థ కింద ఉంటుంది, పింఛన్ల వ్యవహారం నడిపేది సెర్ప్ అనే పేదరిక నిర్మూలన సంస్థ. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది. పొదుపు సంఘాలు మెప్మావి, అది పట్టణాల్లో పేదరిక నిర్మూలన చూసే సంస్థ. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు ఒకే గదిలో హెల్త్ సెక్రటరీ, వెల్ఫేర్ సెక్రటరీ పక్కపక్కన కూర్చునేలా చేశారు, ఆ ఆలోచన బావుంది, ఇప్పటికీ మాకు పెద్ద ఆసరా అదే. కానీ కుర్చీలు పక్కపక్కన ఉన్నా ఒకరి ట్యాబ్‌లో ఉన్నది ఇంకొకరికి కనపడదు, ఎవరి టార్గెట్ వాళ్లది. హెల్త్ సెక్రటరీ మేడం మాటల్లో చెప్పాలంటే, "టీ కలిసి తాగుతాం అండీ, పని ఎవరిది వాళ్లం చేసుకుంటాం."

మూడో వారం, ఒకటో తారీఖు

రాష్ట్రంలో ప్రభుత్వం మనిషి పింఛనొచ్చే ప్రతి ముసలివాళ్ల ఇంటికీ నెలకోసారి కచ్చితంగా వెళ్లే రోజు ఒక్కటే, పింఛను రోజు. 2024 జులై నుంచి వృద్ధులకి 4,000, దివ్యాంగులకి 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి 15,000. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందురోజే ఇచ్చేస్తారు. ఇంత గట్టి ఏర్పాటు ఉండగా మనం కొత్తగా ఇంకోటి పెట్టడం ఎందుకు, దీనికే బీపీ చూడటం తగిలిస్తే చాలదా? మీటింగులో నేనీ మాట అన్నప్పుడు అందరూ తలలూపారు. తలలూపడం చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

ఆరింటికల్లా మెట్ల కింద ఉన్నాం. వెల్ఫేర్ సెక్రటరీ కుర్రాడు ముందు, సిస్టరమ్మ బీపీ మిషనుతో వెనక. మొదటి ఇంట్లోనే వేలిముద్ర పడలేదు. అంట్లు తోమి తోమి ఆవిడ వేళ్లు అరిగిపోయాయి. బొటనవేలు, చూపుడువేలు, తడి గుడ్డతో తుడిచి మళ్లీ బొటనవేలు, ఈలోపు సర్వరు తిరుగుతూనే ఉంది. మూడో ఇంటికి ఆ కుర్రాడు ఆగలేక, "మేడం, మధ్యాహ్నానికి నేను పర్సెంటేజీ చూపించాలి, మీరు ఇంటికి పది నిమిషాలు కూర్చుంటే నేనెప్పుడు దిగాలి?" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది? సుమారు యాభై ఇళ్లు, చేతిలో డబ్బు, పైనుంచి ఫోన్లు.

అసలు దెబ్బ అది కాదు. ముందురోజు మాతో పాటు నాలుగు మెట్లు దిగి కబుర్లు చెప్పిన ఒక తాతగారు ఆ పొద్దున మంచం దిగలేదు. అడిగితే మూలుగు. ఇంకో ఇంట్లో, నేను నేర్పిన వ్యాయామాలతో చెయ్యి బాగా లేపుతున్న ఆయన, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కదపడేం. నాకు కాసేపు పట్టింది. 2025లో దివ్యాంగుల పింఛన్లనీ మంచాన పడ్డవాళ్ల పింఛన్లనీ మళ్లీ పరీక్షించారు, కొందరికి నోటీసులొచ్చాయి. అప్పట్నుంచి పింఛనిచ్చే మనిషి, బీపీ మిషను ఒకేసారి గుమ్మంలో కనిపిస్తే వాళ్లకి అర్థమయ్యేది ఒకటే: పింఛను కోసెయ్యడానికొచ్చారు. ఆయన భార్య నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఈయనకి నయమైందని ఎక్కడా రాయమాక, నీకు దణ్ణం పెడతా" అంది.

పన్నెండేళ్లుగా ఫిజియో చేస్తున్నా, నయమైందని రాయొద్దని ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి.

నాలుగో వారం

ఎక్సెల్ తీసేశాం. తమ్ముడు రంగులన్నీ వేశాడు కదా, వాడి మొహం చూడలేకపోయాను. కానీ ముగ్గురం ఒక మాట మీదకొచ్చాం: లిస్టులు కలపం. ఆరోగ్యం గురించిన ఏ ముక్కా పింఛను వైపుకి వెళ్లదు, ఎంత సౌకర్యంగా ఉన్నా సరే. పైన కూర్చుని చూసేవాళ్లకి ఒకే డేటాబేస్ అంటే ముద్దొస్తుంది. గుమ్మంలో కూర్చున్న మనిషికి అది తన మీద పడే కన్ను. నాకు ఆ పొద్దున ఆయన ఒళ్లో పెట్టుకున్న చెయ్యే గుర్తొస్తోంది.

కలపాల్సింది తిరిగే మనుషుల్ని. ఎలా అన్నది మాకూ అప్పుడు తెలీదు.

తమ్ముడు దిగులు పోగొట్టుకోవడానికి వేరే దేశాల్లో ఎలా చేస్తారో చదివి వచ్చాడు. స్కాట్లండ్‌లో దీనికి 2014లో ఏకంగా చట్టమే చేశారట, 2016 ఏప్రిల్ నుంచి అన్నిచోట్లా అమల్లోకి తెచ్చారు. అక్కడ ముసలివాళ్లకి ఇంట్లో సాయం చేసేది కౌన్సిళ్లు, వైద్యం చూసేది హెల్త్ బోర్డులు. ఆ ఇద్దరి డబ్బూ తీసి చాలా ప్రాంతాల్లో ఒక ఉమ్మడి బోర్డు చేతిలో పెట్టారు, పైగా ప్రతి ప్రాంతాన్నీ కనీసం రెండు చిన్న ముక్కలుగా విడదీసి ప్లాన్ వెయ్యాలని చట్టంలోనే రాశారు. డబ్బు కలపడం మన చేతిలో పని కాదు, మన దగ్గరున్నది జిరాక్సు ఖర్చు. ముక్క చిన్నదిగా ఉండాలన్న మాట మాత్రం నాకు నచ్చింది. 64 డివిజన్ల ఊరికి ఒకే ప్లాన్ పనికిరాదు, ఒక్క డివిజన్‌లోనే కొండ కింద ఒక లోకం, పైన ఒక లోకం. సిస్టరమ్మకి స్కాట్లండ్ రుచించలేదు, ఆవిడ కేరళ గురించి చెప్పారు. 1993లో కోజికోడ్‌లో ఒక చిన్న పాలియేటివ్ క్లినిక్కుతో, అంటే నయంకాని జబ్బులవాళ్ల బాధ తగ్గించే క్లినిక్కుతో మొదలై, తర్వాత వాడవాడలా మామూలు జనమే వాలంటీర్లై మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లడం, 2008లో ప్రభుత్వం దాన్ని పాలసీగా తీసుకోవడం. "అక్కడ ముందు మనుషులు తిరిగారు, కాగితం తర్వాత వచ్చింది" అన్నారు.

ఆరో వారం

ఇప్పుడు నడుస్తున్నది చెబుతా. రెండే ముక్కలు.

ఒకటి, బుధవారం అరగంట. అంగన్‌వాడీలో పిల్లలు వెళ్లిపోయాక, ఆ బుల్లి కుర్చీల్లోనే. ఆశా అక్క, హెల్త్ సెక్రటరీ మేడం, అంగన్‌వాడీ టీచర్, పొదుపు సంఘాల పనులు చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్), మేం ముగ్గురం, వీలైతే వెల్ఫేర్ సెక్రటరీ. కాగితం లేదు, మినిట్స్ రాయం. ఒక్కో ఇంటి గురించి మాట్లాడి, ఈ వారం ఎవరు వెళ్తున్నారో ఒక్కరి పేరు చెప్పి లేవాలి. "చూద్దాం" అన్న మాట వినపడితే సిస్టరమ్మ ఊరుకోరు. పింఛను కుర్రాడి దగ్గర్నుంచి మాకు కావాల్సింది మూడే సంగతులు, అవీ నోటిమాటగా: మనిషి ఇంట్లో ఉన్నారా, లేచి తలుపు తీశారా, పక్కన తోడెవరు. ఆరోగ్యం గురించి అతను ఒక్క ప్రశ్న కూడా అడగడు.

రెండోది, మేకు పుస్తకం. 20 రూపాయల లాంగ్ నోట్‌బుక్కుకి దారం కట్టి, ప్రతి ఇంట్లో వెంకట్రామా క్యాలెండర్ తగిలించిన మేకుకే తగిలిస్తాం. ఎవరు వెళ్లినా అందులోనే రాస్తారు, ఏ మందు ఎన్ని ఇచ్చారు, పుండు ఎలా ఉంది, మళ్లీ ఎవరొస్తారు, ఎప్పుడు. పెద్ద అక్షరాల్లో, తెలుగులో. పుస్తకం ఇంటివాళ్లది, కొండ దిగదు, ఫోటో తియ్యం. చూపించాలో వద్దో వాళ్లిష్టం.

మందుల చిక్కు ఎలా విడిందంటే, హెల్త్ సెంటర్ డాక్టరు గారు ఒకసారి పైకి రావడానికి ఒప్పుకున్నారు. చిన్న వయసే, అయినా 120వ మెట్టు దగ్గర కూలబడి, "వీళ్లు దిగట్లేదని నేను రిజిస్టర్లో అశ్రద్ధ అని రాస్తున్నానండీ" అన్నారు. మూడు నెలలకోసారి ఆయన పైకొచ్చి చూడటం, మధ్యలో నెలనెలా ఆశా అక్క మాత్రలు మోసుకెళ్లడం అని మాట్లాడుకున్నాం. కత్తిపీట మామ్మగారికి అప్పుడే ఇంకోటి బయటపడింది. ఆవిడ వేసుకునే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తున్నాయి, కిడ్నీలు పోయాయనుకుని ఎవరికీ చెప్పలేదు, సగం మింగడానికి అదీ ఒక కారణం. ఆ మందుకి కొందరిలో అలా వాపు రావడం మామూలే, డాక్టరు వేరేది రాశారు. మెట్ల కథే మొత్తం కథ అనుకున్నాను నేను.

తొమ్మిదో వారం

ఈ వారం గురించి రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాయాలి.

రిక్షా తాతకి పక్షవాతం వచ్చింది. ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెట్టారు, శనివారం సాయంత్రం డిశ్చార్జి చేశారు. అంబులెన్సు కిరాణా కొట్టు దాకానే రాగలదు, అక్కణ్ణుంచి నలుగురు కుర్రాళ్లు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారకుండా తుండుగుడ్డతో నడుముకి కట్టి పైకి మోశారు. చేతికి ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. యూరిన్ పైపు ఎప్పుడు మార్చాలో, ఎవరు మారుస్తారో ఇంట్లో ఎవరికీ తెలీదు. మాకు తెలిసేసరికి పన్నెండో రోజు. అదీ ఎలా? వాళ్ల కోడలు పాపని అంగన్‌వాడీకి తీసుకురావట్లేదని టీచర్ బుధవారం నాడు మాటవరసకి అంది.

వెళ్లేసరికి నడుం కింద, తోకెముక దగ్గర అరచేతంత పుండు. సంచిలో మూత్రం చిక్కగా, మడ్డిగా ఉంది, జ్వరం. సిస్టరమ్మ పైపు మార్చి, పుండు కడిగి, డాక్టరుకి ఫోన్లో చెప్పి మందులు మొదలుపెట్టించారు. నేను కోడలికి ఒక్కతే ఆయన్ని పక్కకి ఎలా తిప్పాలో చూపించాను: దుప్పటి మడిచి ఆయన కింద వెయ్యి, మోకాలు వంచు, దుప్పటి నీ వైపు లాగు, నీ నడుం వంచమాక. ప్రతి రెండు గంటలకీ. ఆ పిల్ల నాలుగిళ్లలో పాచిపని చేసేది, మానేసింది. ఆమె చెప్పిన లెక్క వింటే, ఇంట్లో తగ్గిన డబ్బు ఆయన పింఛను కంటే ఎక్కువ. మంచాన పడ్డవాళ్ల 15,000 రావాలంటే మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి, దానికి మళ్లీ ఆయన్ని కుర్చీలో కిందకి మొయ్యాలి.

మన ప్లాన్లో ఇంత పెద్ద చిల్లు ఎలా వదిలేశాం అని ఆ రాత్రి ముగ్గురం ఫోన్లో ఒకరినొకరు తిట్టుకున్నాం. ఆసుపత్రులన్నిటికీ ఉత్తరాలు రాద్దామన్నాను నేను. సిస్టరమ్మ, "కొండ ఎక్కేవాళ్లందరూ ఎవరి ముందు నుంచి పోతారు?" అన్నారు. కిరాణా కొట్టు బాబాయ్! పొద్దున ఐదింటి నుంచి రాత్రి పది దాకా అక్కడే. ఎవరినైనా కుర్చీలోగానీ మంచం మీదగానీ పైకి మోసుకెళ్తుంటే చూడకుండా ఉండే చాన్సే లేదు. మర్నాడు వెళ్లి అడిగితే, "ఈ మాత్రం దానికి బతిమాలడమెందుకమ్మా, నంబరివ్వు" అని బీడీకట్టల డబ్బా మూత మీద స్కెచ్చుతో రాసుకున్నాడు. రెండు వారాల్లో రెండు ఫోన్లు చేశాడు, రెండూ మనిషిని పైకి మోసుకెళ్లిన రోజే.

మధ్యలో

దసరా. సచివాలయం స్టాఫ్ చాలామందికి ఇంద్రకీలాద్రి మీద డ్యూటీలు, క్యూలైన్లు, మంచినీళ్లు. రెండు బుధవారాలు బుల్లి కుర్చీలు ఖాళీ. ఈ ఊళ్లో ప్లాన్ వేసేవాళ్లు ముందు పండగల క్యాలెండర్ చూసుకోవాలి, మేం చూసుకోలేదు. ఆ రెండు వారాలూ ఆశా అక్క ఒక్కతే మోసింది, పారితోషికం మాత్రం పాతదే. దీనికి మా దగ్గర జవాబు లేదు.

పద్నాలుగో వారం

తాత పుండు అణా సైజుకి వచ్చింది. సర్టిఫికెట్ పని ఇంకా నడుస్తోంది. మెట్ల పక్కన రెయిలింగ్ కోసం డివిజన్ ఆఫీసులో అర్జీ ఇచ్చాం, రశీదు వచ్చింది, రెయిలింగ్ రాలేదు.

తెగనిది ఒకటుంది. ఒక పిన్నిగారి పింఛను కొడుకు చేతిలోకి పోతోంది, ఆవిడకి ఒంటిపూట భోజనం. కన్నవాళ్లని పిల్లలు పోషించాలనే 2007 చట్టం ఉంది, ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, 14567కి ఫోన్ చేస్తే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ దారి చెబుతుంది, అన్నీ తమ్ముడు ఓపిగ్గా వివరించాడు. ఆవిడ విని, "నా కొడుకు మీద నేను కాగితం పెడితే, పోయాక నాకు కొరివి ఎవరు పెడతార్రా?" అంది. బుధవారం దీని మీద అరగంట కాస్తా గంటన్నర అయింది. ప్రస్తుతానికి పొదుపు సంఘం వాళ్లు వంతులేసుకుని మధ్యాహ్నం ఒక క్యారేజీ పంపుతున్నారు. కొడుక్కిది మేలు చేసినట్టు కాదా అని ఆర్పీ అడిగింది. అవును, అయింది. ఆవిడ తింటోంది కూడా.

మేకు పుస్తకాలు మొన్న అన్నీ చూసొచ్చాను. మామ్మగారి డబ్బాలో మాత్రలు నిండుగా, గుండ్రంగా ఉన్నాయి. బీపీ 150కి వచ్చింది, ఇంకా దిగాలి. మేకుకి క్యాలెండర్ ఉంది, పుస్తకం లేదు. వెతికితే మనవడి స్కూలు సంచిలో దొరికింది, వెనక పేజీల నిండా పదమూడో ఎక్కం. "గీతలున్నాయి కదా, రాసుకోనీ అన్నాను" అంది మామ్మగారు. బుధవారం వెళ్లేటప్పుడు కొత్తది పట్టుకెళ్లాలి, ఈసారి గీతల్లేనిది.